లేత్ షాపు లెక్కలు సర్వేలో చెబితే జీఎస్టీ అధికారులకు చేరతాయా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు నడుపుతున్నాను. నలుగురు పనివాళ్లు. జీఎస్టీ నమోదు లేదు. కేంద్ర గణాంక శాఖ తరఫున వచ్చానంటూ ఒకాయన ట్యాబ్‌తో వచ్చి కూలీ, అద్దె, కరెంటు బిల్లు, రాబడి, అప్పులు అన్నీ అడిగారు. తర్వాత రమ్మని పంపేశాను. ఈ లెక్కలు జీఎస్టీ, కార్మిక శాఖలకు వెళతాయని పక్క షాపువాళ్లు అంటున్నారు. చెప్పక తప్పదా? ఇంకొకటి, మా మేడమీద వాటాలో అద్దెకున్నవాళ్లు జనగణనలో అది సొంతిల్లని రాయిస్తే మా హక్కు ఏమవుతుంది?

జవాబు: మీ భయం అర్థమైంది, కానీ ఈసారి చట్టం మీ పక్షానే ఉంది. ఆయన అడిగినవాటిని బట్టి అది జాతీయ గణాంక కార్యాలయం చేసే అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే కావచ్చు. ఫ్యాక్టరీలుగా నమోదైన పరిశ్రమలకు వేరే సర్వే ఉంది. మీలాంటి చిన్న షాపుల లెక్క తేలేది ఇందులోనే.

ముందు ఆయన చూపే పత్రం చదవండి. సర్వే 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద జరుగుతోందని అందులో ఉంటే 9వ సెక్షన్ మీకు రక్ష. మీరిచ్చిన సమాచారాన్ని గణాంకాలకు తప్ప మరి దేనికీ వాడకూడదు. ఆ పనిలో ఉన్నవాళ్లు తప్ప మీ జవాబులను ఇంకెవరూ చూడకూడదు. మీరెవరో తెలిసేలా ప్రచురించకూడదు, వేరే శాఖకూ ఇవ్వకూడదు. దీనికి మినహాయింపులు కొద్దే: ఆ చట్టం కిందే నడిచే కేసు, పేర్లు తీసేసి పరిశోధకులకు ఇవ్వడం లాంటివి. అదే చట్టం మీ మీదా ఒక బాధ్యత పెట్టింది: అడిగినప్పుడు సమాచారం ఇవ్వకపోయినా, తెలిసీ అబద్ధం చెప్పినా చర్య తీసుకోవచ్చు. కాబట్టి దాటవేయకండి, అంకెలు తగ్గించీ చెప్పకండి.

ఒక్క మాట సూటిగా చెప్పాలి. ఈ రక్షణ మీ జవాబులకే కానీ మీ పన్ను బాకీకి కాదు. మీ టర్నోవరు జీఎస్టీ పరిమితి దాటి ఉంటే, సర్వేతో నిమిత్తం లేకుండానే నమోదు చేసుకోవాలి. ఆ సంగతి మీ అకౌంటెంటుతో ఇప్పుడే తేల్చుకోండి.

వాళ్లు ప్రతి షాపుకూ రారు. కొన్నింటిని నమూనాగా ఎంచుకుని, వాటి లెక్కలతో అలాంటి షాపులన్నిటి పరిస్థితిని అంచనా కడతారు. జాతీయాదాయం లెక్కల్లో చిన్న వ్యాపారాల వాటా తేల్చడానికి ఇది ఆధారం. పరిశోధకులకు ఇచ్చే ఫైళ్లలో మీ పేరు, చిరునామా ఉండవు. మీ అబ్బాయి కాలేజీ అయ్యాక వచ్చి జీతం లేకుండా లేత్ దగ్గర నిలబడుతుంటే, అతన్నీ పనివాళ్లలో చెప్పండి. ఇంటివాళ్ల చాకిరీని కూడా ఈ సర్వే పనిగానే లెక్కిస్తుంది. మనవాళ్లు చాలామంది "వాడు మావాడే కదా" అని వదిలేస్తారు. అలా వదిలేసిన శ్రమ దేశం లెక్కలోకి రాదు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది వచ్చిన మనిషి విషయంలో. గుర్తింపు కార్డు, శాఖ ఉత్తర్వు, పై అధికారి ఫోను నంబరు అడగండి. అడగడం మీ హక్కు, నిజమైన ఉద్యోగి నొచ్చుకోరు. అనుమానం వస్తే జవాబులు ఆపి ఆ కార్యాలయంలో విచారించండి. బ్యాంకు ఖాతా, కార్డు నంబర్లు గానీ మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ గానీ చెప్పమంటే అది మోసమే. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.

ఇక జనగణన. దానికి 1948 నాటి జనగణన చట్టం వేరే ఉంది. ఈసారి లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, ఇళ్ల వివరాలు అంతకు ముందే రాస్తారు. ఆ చట్టం మన ఇళ్ల మర్యాదను కూడా పట్టించుకుంది: ఆచారం ప్రకారం భర్త పేరు పలకని స్త్రీ ఆ పేరు చెప్పి తీరాలని బలవంతం లేదు. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఇబ్బంది పెట్టనివ్వకండి.

అద్దెవాళ్ల సంగతికి 15వ సెక్షన్ చాలు. జనగణన పత్రాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, సివిల్ దావాలో సాక్ష్యంగానూ చెల్లవు. వాళ్లు సొంతిల్లని రాయించినా మీ హక్కుకు నష్టం లేదు. మీకు కావలసినవి రిజిస్టరైన దస్తావేజు, మీ పేరున ఇంటి పన్ను రసీదులు, అద్దె ఒప్పందం. ఒప్పందం నోటిమాటగానే ఉంటే ఈ నెలలోనే రాయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో రాసుకున్న అద్దె ఒప్పందానికి గడువు ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.