హై-రెస్ పాటలు (సీడీ కంటే ఎక్కువ వివరంతో ఉండే డిజిటల్ ఫైళ్లు) నిజంగా అంత బాగుంటాయా? పాత రికార్డులు, క్యాసెట్లే మేలంటారు, ఏది నిజం? డెబ్బై వేలు పెట్టి డాక్ (డిజిటల్ ఫైలును స్పీకర్లకు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పెట్టె) కొనాలా?

ముందే చెప్తున్నా, ఈ విషయంలో నన్ను నమ్మాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి. ఎందుకంటే నేను ఒకప్పుడు జనం చెవిలో పూలు పెట్టి జీతం తీసుకున్నవాణ్ణి.

1984 నుంచి 89 దాకా తెనాలిలో మా బాబాయి క్యాసెట్ రికార్డింగ్ షాపులో పనిచేశాను. ఇప్పటి పిల్లలకు ఆ షాపులు తెలియవు. కస్టమరు తెల్లకాగితం మీద పాటల లిస్టు రాసుకొస్తాడు. మేం బీరువాలోంచి ప్లేట్లు (గ్రామఫోన్ రికార్డులు) తీసి ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి రెండ్రోజుల తర్వాత ఇస్తాం. సీ-60 క్యాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట, అంటే ఎనిమిది పాటలు. తొమ్మిదోది కూడా ఇరికించమని బతిమాలేవాళ్లు. ఇరికిస్తే ఆఖరి చరణం మధ్యలో రీలు అయిపోయేది, మళ్లీ వచ్చి మామీదే కేకలేసేవాళ్లు. అలా ఎక్కించి అమ్మడం చట్టప్రకారం తప్పని అప్పట్లో మాకు తెలియదు. తెలిసినా మానేవాళ్లం కాదనుకోండి.

పొద్దున షాపు తీయగానే నా మొదటి పని, పుల్లకు దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి డెక్కుల హెడ్లు, అంటే రికార్డర్లలో రీలు రాసుకునే భాగాలు, తుడవడం. దూదికి గోధుమరంగు పొడి అంటుకునేది. రీలు మీద ఉండాల్సిన పాట అలా దూదిలోకి వస్తోందని బాబాయి జోకు. తర్వాత సన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్డు వాలు సరిచూడాలి. మా డెక్కు హెడ్డు ఒక వాలులో, కస్టమరు టేపురికార్డరు హెడ్డు ఇంకో వాలులో ఉంటే తాళాల చప్పుడు, 'స' అక్షరం మొద్దుబారిపోతాయి. దాన్నే జనం "మబ్బుగా ఉంది" అనేవాళ్లు. వారానికి నలుగురైనా మబ్బు కంప్లైంటుతో వచ్చేవాళ్లు.

వాళ్లలో ఒక హార్మోనియం మాస్టారు. నాటకాలకు వాయించేవారు. శ్రుతి వెంట్రుకవాసి తేడా వచ్చినా మొహం చిట్లించే మనిషి. ఒకసారి వానలో గొడుగు వేసుకుని వచ్చి క్యాసెట్ బల్ల మీద పెట్టారు. "ఏమయ్యా, ఈయన పాట పాడుతున్నాడా, కంబళి కప్పుకుని మూలుగుతున్నాడా?" అన్నారు. బాబాయి ఏమాత్రం తడబడకుండా, "అయ్యో మాస్టారూ, మావాడు అరిగిపోయిన ప్లేటు మీంచి ఎక్కించేశాడు. నిన్ననే కొత్త ప్లేటు వచ్చింది, కాసేపు కూర్చోండి, మళ్లీ ఎక్కించిస్తా" అని క్యాసెట్ తీసుకుని లోపలి గదిలోకి వచ్చాడు. అక్కడ కొత్త ప్లేటూ లేదు, ఎక్కించడమూ లేదు. ఇద్దరం టీ తాగాం. అరగంట తర్వాత అదే క్యాసెట్‌ను ముందుగదిలో డెక్కులో పెట్టి, వాల్యూమ్ బటను ఇందాకటి కంటే నూలుపోగంత ఎక్కువ తిప్పాడు. అంతే. గట్టిగా పెట్టాడని ఎవరూ అనరు, అంత కొంచెం.

మాస్టారు కళ్లు మూసుకున్నారు. పల్లవి అయ్యింది. "ఆఁ... ఇదీ! ఇప్పుడు చూడు, వయొలిన్లు వేరే, ఫ్లూటు వేరే, విడివిడిగా వినపడుతున్నాయి. ఇందాక ఇవేవీ లేవు" అన్నారు. ఐదు రూపాయలు ఎక్కువిచ్చి వెళ్లారు కూడా. నేను తెర వెనక నోరు మూసుకుని నవ్వాను.

ఆయన తెలివితక్కువవారు కాదని గమనించండి. ఊళ్లో ఆయన కంటే మంచి చెవి ఇంకొకరికి లేదు. కొంచెం గట్టిగా వినపడితే చెవి దాన్ని 'గట్టిగా' అనుకోదు, 'బాగా' అనుకుంటుంది. కొత్త ప్లేటు అన్న మాట ముందే చెవిలో పడింది, మిగతాది చెవే వండుకుంది. నలభై ఏళ్లుగా ఏ ఆడియో షోరూముకు వెళ్లినా నాకు బాబాయి వేళ్లే కనపడతాయి.

ఇక హై-రెస్ సంగతి. కూకట్‌పల్లిలో మా మేనల్లుడున్నాడు, సాఫ్ట్‌వేర్. డాక్, ఆంప్లిఫయర్, స్పీకర్లు కలిపి ఎంత పోశాడో వాళ్లావిడకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు, కాబట్టి నేనూ చెప్పను. రెండేళ్ల కింద దసరాకి వెళ్తే కూర్చోబెట్టి, "మావయ్యా, ఇది 24 బిట్, 192 కిలోహెర్ట్జ్. కళ్లు మూసుకుని వినండి. ఇప్పుడు అదే పాట సీడీ క్వాలిటీలో పెడతా, మీకే తెలుస్తుంది" అన్నాడు. (బిట్లంటే శబ్దాన్ని ఎంత సన్నగా కొలిచారో, ఈ కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని వేల సార్లు కొలిచారో.) నిజమే, తెలిసింది. మొదటిది విచ్చుకున్నట్టు, రెండోది ముడుచుకున్నట్టు. కానీ ముందు మాట చెప్పి తర్వాత పాట పెట్టడం నేను తెనాలిలోనే చూశాను.

అందుకని పేచీ పెట్టాను. అతను వినిపించిన రెండు ఫైళ్లూ అసలు ఒకే మాస్టర్ (స్టూడియోలో చివరగా తయారయ్యే మూల రికార్డింగు) నుంచి వచ్చినవి కావు, వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు ఇంజినీర్లు చేసినవి. రెండు ఇళ్లలో వండిన పప్పు తెచ్చి గిన్నెల మధ్య పోటీ పెట్టినట్టు. ఆ హై-రెస్ ఫైలునే కంప్యూటర్లో సీడీ లెక్కకు, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కి దించమన్నాను. వాల్యూమ్ రెంటికీ సరిసమానం చేయించాను. వాళ్లమ్మాయి ఎనిమిదో తరగతి, దానికి రూపాయి బిళ్ల ఇచ్చి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది పెట్టి కాగితం మీద రాసుకోమన్నాం. స్క్రీను మాకు కనపడకుండా దుప్పటి కట్టాం. ఇరవై సార్లు. మావాడికి పదకొండు కరెక్టు. పన్నెండోసారికే ఆ పిల్లకి విసుగొచ్చి, "తాతయ్యా, రెండూ ఒకే పాట కదా, ఎన్నిసార్లు వింటారు?" అంది. సభలో అసలు నిజం చెప్పింది అదొక్కతే.

నేనూ ఏం తక్కువ తినలేదు. షాపు మూసేటప్పుడు జీతం బాకీకి బదులు బాబాయి ఇచ్చిన నలభై ప్లేట్లు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ప్లేటులో ఉండే ఆ కమ్మదనం డిజిటల్‌లో రాదని నేను పాతికేళ్లు వాదించినవాణ్ణి. మావాడు పగ తీర్చుకున్నాడు. నా ప్లేటు ఒకటి తిప్పి, అదే సీడీ క్వాలిటీలో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ప్లేటునూ దాని కాపీనీ మార్చి మార్చి వినిపించాడు. పదిసార్లలో నాకు నాలుగు. ముల్లు చిటపటలు, ఆ కమ్మదనం అన్నీ కాపీలోకి దిగిపోయాయి. నాకు ఇష్టమైనది ప్లేటు జోడించిన రుచి అన్నమాట. డిజిటల్ దాన్ని పోగొట్టలేదు, శుభ్రంగా మోసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను పెద్దగా మాట్లాడలేదు.

భోజనాలయ్యాక ఫోనులో హెర్ట్జ్ పెంచుకుంటూ, అంటే కూతను ఇంకా ఇంకా సన్నం చేసుకుంటూ పోయే ఒక యాప్ పెట్టాడు. నాకు 11 కిలోహెర్ట్జ్ దాటాక నిశ్శబ్దం. మావాడికి 14. వంటింట్లో ఉన్న పిల్ల 16 దగ్గర "అబ్బా, ఆపండి నాన్నా" అని అరిచింది. సీడీలో 44.1 అంటే అందులో సగం, 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దాన్ని పట్టగలదు, మంచి వయసులో మనిషి చెవి 20కి ఆగిపోతుంది. 192 ఫైలు 96 దాకా పడుతుంది. అది గబ్బిలాలకు పనికొస్తుంది. ఐదు నిమిషాల పాట సీడీలో దాదాపు 53 ఎంబీ, 24/192లో కుదించకపోతే 345 ఎంబీ. 24 బిట్ స్టూడియోలో రికార్డు చేసేవాళ్లకు నిజంగానే ఉపయోగం, లెవెల్ తప్పుతుందన్న టెన్షన్ ఉండదు. వినేవాళ్లకు 16 బిట్ ఇచ్చే 96 డెసిబెల్సే (అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య తేడా) చాలా ఎక్కువ. మన ఇళ్లలో ఫ్యాను, కుక్కరు, వీధిలో కూరగాయల బండి మైకు ఉండగా అందులో సగం వాడుకున్నా గొప్పే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఇలాగే హై-రెస్ డిస్కులను సీడీ క్వాలిటీకి దించి 554 సార్లు వినిపిస్తే 276 సార్లు కరెక్టుగా చెప్పారు. 49.8 శాతం. 2016లో లండన్‌లో రైస్ అనే ప్రొఫెసరు పాత పరీక్షలన్నీ కలిపి లెక్కేసి, లేదు, తేడా తెలుస్తోందన్నారు. ఎంత తెలుస్తోందయ్యా అంటే 52.3 శాతం. బిళ్ల ఎగరేస్తేనే 50 వస్తుంది కదా. ఆ రెండు శాతం కోసం లక్షలు పోస్తామంటే మీ ఇష్టం.

హై-రెస్ వద్దన్నాను కదా అని రికార్డులవాళ్లు సంబరపడొద్దు, వాళ్లతో నాకు వేరే తగాదా ఉంది. ఎల్పీ, అంటే పెద్ద ప్లేటు, నిమిషానికి 33 చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లోపల చివరికొచ్చేసరికి 20 చిల్లరే. అందుకే ప్రతి వైపూ ఆఖరి పాట గరగరలాడుతుంది. లిస్టులో అలాంటి పాట కనపడితే బాబాయి "ఖర్మ, మళ్లీ ఆఖరి పాటేనా" అనేవాడు. క్యాసెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, సెకనుకు ఐదు సెంటీమీటర్లు కూడా నడవని రీలు. తడి గదిలో పెడితే బూజు పడుతుంది, ఎండలో పెడితే వంకర్లు పోతుంది, రీలు చుట్టుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పుకోవాలి. ఆ రోజుల మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు గానీ శబ్దం బాగుండేదని మాత్రం నా ముందు అనకండి. ఆ హెడ్లు తుడిచినవాణ్ణి నేను.

2022లో అమెరికాలో ఇంకో తమాషా జరిగింది. మొబైల్ ఫిడిలిటీ అని పేరున్న రికార్డుల కంపెనీ. వాళ్లవి డిజిటల్ తగలని, మాస్టర్ టేపు నుంచి నేరుగా కోసిన (గాడి చెక్కిన) ప్లేట్లని నమ్మి, కొన్నిటికి 125 డాలర్లు పెట్టి మరీ కొనేవాళ్లు. తీరా చూస్తే 2011 నుంచే వాటిలో చాలా ప్లేట్లకు టేపును ముందు డిజిటల్‌లోకి ఎక్కించి, దాని మీంచి కోశారని బయటపడింది. అన్నేళ్లు డిజిటల్ ఛాయ తగిలినా పసిగట్టేస్తామన్న చెవులన్నీ ఆ ప్లేట్లనే మెచ్చుకుంటూ కూర్చున్నాయి. తర్వాత కోర్టుకెక్కారు. నాకు మా మాస్టారు గుర్తొచ్చారు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. ఫార్మాట్ మీద కొట్టుకుంటున్నాం గానీ పాటను పాడుచేస్తున్నది రీమాస్టర్లు, అంటే పాత రికార్డింగును మళ్లీ సవరించి వదిలే కొత్త కాపీలు. షాపులో మా డెక్కు మీద మీటరు ముల్లు ఉండేది. మంచి రికార్డింగు అయితే ముల్లు పల్లవికి లేచి, వీణ బిట్టుకు పడుకుని, కోరస్‌కు ఎరుపు అంచు తాకి వచ్చేది, ఊపిరి తీసినట్టు. ఇప్పటి రీమాస్టర్ పెడితే ముల్లు మొదట్లో ఎరుపు దగ్గరికెళ్లి అక్కడే మేకు కొట్టినట్టు ఉండిపోతుంది. మా బాబాయి ట్రిక్కే, కాకపోతే ఆయన నూలుపోగంత తిప్పితే వీళ్లు చివరిదాకా తిప్పి బటను పీకేశారు. అలాంటి దాన్ని 24 బిట్ డబ్బాలో పెట్టి అమ్మితే ఒరిగేదేమిటి? నా పాత ప్లేటు కొన్నిసార్లు హై-రెస్ కంటే బాగుంటుంది, ఒప్పుకుంటా. అది ప్లేటు గొప్ప కాదు, ఆనాడు దాన్ని ఊపిరాడేట్టు కోసిన ఇంజినీరు గొప్ప.

పాత తెలుగు పాటలకు హై-రెస్ బిళ్ల అంటించడం ఇంకా ఘోరం. ఘంటసాల గారి తొలినాళ్ల పాటలు 78 చుట్ల లక్క ప్లేట్ల మీద వచ్చినవి. కొన్ని పాటలకు సినిమా రీలు అంచున ఉండే సౌండ్ ట్రాకే దిక్కు. అందులో 8 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ మిగలదు. దాన్ని 192కి ఎక్కించడమంటే పాస్‌పోర్టు ఫొటోను ఫ్లెక్సీ కొట్టించడం. ఇక యూట్యూబ్‌లో "7.1 డాల్బీ" అని రాసి ఘంటసాల గొంతుకు గుహలో ఎకో పెట్టేవాళ్లను ఏమనాలో తెలియదు. పైగా చాలా యాప్‌లలో పాట రాసిందెవరో సరిగ్గా ఉండదు. ప్లేటు అట్ట మీద రచన, సంగీతం, గానం వరసగా ఉండేవి. నేను తెలుగు కవుల పేర్లు బళ్లో కంటే ఆ అట్టల మీదే ఎక్కువ నేర్చుకున్నాను. మూడు వందల ఎంబీ పాట పంపించేవాడికి కవి పేరు పంపడానికి చోటు లేదా?

మీరు ప్రశ్న కింద డెబ్బై వేల డాక్ కొనాలా అని అడిగారు కదా. అదే పాటను సీడీ క్వాలిటీకి దించి, వాల్యూమ్ సమానం చేసి, ఇంట్లో పిల్లలెవరికైనా బిళ్ల ఇచ్చి ఇరవైసార్లు పెట్టించుకోండి. పదహారు దాటితే కొనుక్కోండి, నేనే అభినందిస్తా. అంతకంటే ముందు మీ స్పీకర్లు గోడ మూలల్లోంచి రెండడుగులు ముందుకు జరపండి. మావాడింట్లో అది చేశాక వచ్చిన తేడా దుప్పటి కట్టకుండానే అందరికీ వినపడింది. వాళ్లావిడ మాత్రం హాల్లో నడవడానికి దారి లేదని మర్నాడే వెనక్కి నెట్టేసింది.