సాధారణ కాన్పులో కోత, చిరగడం, కుట్లు: రెండు కాన్పుల తల్లిగా నాకు తెలిసినది

మీకు ఎనిమిదో నెల నడుస్తోందని, సాధారణ కాన్పు కావాలని ఉన్నా కింద, యోని దగ్గర, కోత పెట్టి కుట్లు వేస్తారని విన్నప్పటి నుంచి భయం పట్టుకుందని రాశారు. కోత పెట్టించుకోవడం మేలా, దానంతట అది చిరిగితే మేలా, ఈ తిప్పలేవీ లేకుండా ఆపరేషన్ చేయమని అడగవచ్చా అన్నది మీ ప్రశ్న. నాకు మొదటి కాన్పులో కోత పెట్టారు. రెండో కాన్పులో కోత లేదు, కాని కొంత చిరిగింది. రెండుసార్లూ కుట్లు పడ్డాయి. నేను డాక్టర్‌ను కాను. మొదటిసారి నాకేం జరిగిందో ఎవరూ చెప్పలేదు కాబట్టి, రెండోసారి గర్భం వచ్చాక దీని గురించి దొరికినదల్లా చదివాను, కనబడిన ప్రతి డాక్టర్‌నూ నర్సునూ అడిగాను. అలా పోగుచేసుకున్నదే మీకు చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, అందరికీ కోత అవసరం లేదు. కోత పెడితే గాయం తిన్నగా ఉంటుంది, త్వరగా మానుతుంది, వదిలేస్తే అడ్డదిడ్డంగా చిరుగుతుంది అని మా అమ్మ కాలం నుంచీ వింటున్నాం. ఆ నమ్మకంతోనే తొలి కాన్పు అంటే చాలు, కత్తెర అందుకునేవారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో వేరే సంగతి తేలింది. అందరికీ కోత పెట్టడం కంటే, అవసరమైనవారికి మాత్రమే పెట్టినప్పుడు పెద్ద గాయాలు తక్కువగా అవుతున్నాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో, పరికరాల సాయం లేకుండా జరిగే కాన్పుల్లో కోతను మామూలు అలవాటుగా పెట్టవద్దని స్పష్టంగా రాసింది. కోత అంటే చర్మంతో పాటు దాని కింది కండరాన్ని కూడా కత్తిరించడమే. అది దానంతట అది కండరం దాకా చిరిగే రెండో స్థాయి చీలికతో సమానం. వదిలేస్తే కొందరికి చర్మం కాస్త గీసుకుపోయి ఊరుకుంటుంది, కొందరికి ఏమీ కాదు. ఎంత గాయమవుతుందో తెలియకముందే కండరం దాకా గాయం చేయడం దేనికి?

అయితే కోత తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి. బిడ్డ గుండె చప్పుడు పడిపోతూ, తల బయటికి రావడానికి ఆ కాస్త చోటే అడ్డంగా ఉన్నప్పుడు ఆగడానికి వీలుండదు. ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పరికరం) వేసి తీయాల్సి వచ్చినప్పుడు, ముఖ్యంగా తొలి కాన్పులో, పక్కకు పెట్టిన కోత మలద్వారం కండరం చిరగకుండా కాపాడుతుంది. భుజాలు ఇరుక్కున్నప్పుడు డాక్టర్ చేయి లోపలికి పోవడానికి చోటు కావాలి. మన దగ్గర కోతను నిలువుగా కిందికి కాకుండా ఒక పక్కకు ఏటవాలుగా, తల బాగా బయటికి ఒత్తుకొచ్చినప్పుడు మధ్య గీతకు 60 డిగ్రీల కోణంలో పెడతారు. నిలువుగా పెడితే అది సాగి మలద్వారం దాకా చిరిగే ప్రమాదం ఉంది కాబట్టి. ఇలాంటి కారణం ఉండి, ఆ కారణం ఒక్క వాక్యంలో చెప్పి పెట్టే కోతకు నేను ఎప్పుడూ అడ్డుచెప్పను.

నా మొదటి కాన్పులో ఆ ఒక్క వాక్యమే లేదు. పుట్టింటికి దగ్గరలోని ఒక చిన్న ఆసుపత్రి. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకెత్తి కట్టారు. ఒక ఆయా స్టూలు ఎక్కి పొట్ట మీద బలంగా నొక్కింది. ఇలా నొక్కడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పత్రంలో చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. కింద ఏదో సూది గుచ్చినట్టు తెలిసింది, ఆ తర్వాత నొప్పి ఉధృతిలో కోత తెలియనే లేదు. మీరు భయపడుతున్న ఆ క్షణం నిజానికి అంత భయంకరం కాదు. నన్ను ఏడిపించింది కుట్లు. మత్తు సరిగా పట్టలేదు, సూది దిగిన ప్రతిసారీ తెలిసింది. నొప్పి తెలుస్తోందమ్మా అంటే, ఇంత నొప్పి ఓర్చుకున్నదానివి, ఇది ఓర్చుకోలేవా అన్నారు. ఓర్చుకోవాల్సిన పని లేదు. లిగ్నోకేన్ అనే ఆ మత్తుమందు ఇంకొంచెం ఇచ్చి, అది పనిచేసేదాకా ఆగి కుట్టవచ్చు. బిడ్డ పుట్టాక కుట్లకు ఆ మాత్రం వ్యవధి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. మీకు తెలుస్తుంటే గట్టిగా చెప్పండి, ఆపమనండి. చివరలో మలద్వారంలో వేలు పెట్టి చూస్తే నేను హడలిపోయాను. లోపలి కండరం బాగుందా, కుట్టు ఏదైనా అటువైపు పడిందా అని చూసే అవసరమైన పరీక్ష అది. నిజానికి అది చేయకపోతేనే అడగాలి. ముందే చెప్పి ఉంటే నేను అంతగా బెదిరేదాన్ని కాదు.

ఇంటికి వచ్చాకే అసలు కష్టం. మూత్రం పోసేటప్పుడు కుట్ల మీద కారం చల్లినట్టు మండేది. దీనికి ఒక నర్సు చెప్పిన చిట్కా ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను: మూత్రం వస్తుండగానే మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పైనుంచి కిందికి ధారగా పోసుకోవాలి. మంట సగానికి సగం తగ్గుతుంది. తర్వాత మెత్తని గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. మా ఇంట్లో నేల మీద కూర్చునే మరుగుదొడ్డే. ఆ కుట్లతో గొంతుక్కూర్చుని లేవడం నా వల్ల కాలేదు. పక్కింటి తాతగారి కోసం కొన్న కమోడ్ కుర్చీ వాళ్ల వసారాలో ఖాళీగా ఉంటే నాన్న అడిగి తెచ్చి, కడిగి, ఎండబెట్టి పెట్టారు. మీ పుట్టింట్లో అలాంటి మరుగుదొడ్డే ఉంటే ఇప్పుడే ఒక కుర్చీ చూసి పెట్టుకోండి.

ఇంకో మాట, ఇది మన ఇళ్లలో మరీ ముఖ్యం. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదు, ఒళ్లు నీరు పడుతుంది అని మా పెద్దమ్మ గ్లాసు లెక్కపెట్టి ఇచ్చేది. కూరలు లేవు, పండ్లు లేవు, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం. ఫలితంగా మలం రాయిలా గట్టిపడింది. కుట్లు ఊడతాయేమోనన్న భయంతో నేను బిగబట్టుకున్నాను, బిగబట్టిన కొద్దీ ఇంకా గట్టిపడింది. ఆ పథ్యం ప్రేమతోనే పెడతారు, నాకు తెలుసు. కాని కుట్లున్న బాలింతకు అది నరకం. పాలు ఇచ్చే తల్లికి నీళ్లు మామూలు కంటే ఎక్కువ కావాలి. ఆకుకూర, బొప్పాయి పండు, నానబెట్టిన ఎండు ద్రాక్ష తినాలి. అవసరమైతే డాక్టర్ రాసే లాక్టులోజ్ సిరప్ వాడుకోవాలి. మొదటిసారి విరేచనానికి కూర్చున్నప్పుడు శుభ్రమైన ప్యాడ్ ఒకటి మడిచి కుట్ల మీద ఆనించి పట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. విరేచనం వల్ల కుట్లు ఊడిపోవు. పథ్యం విషయంలో పెద్దవాళ్లతో గొడవ పడే ఓపిక బాలింతకు ఉండదు కాబట్టి, ఈ నెలలోనే మీ డాక్టర్ చేత మీ అమ్మగారి ఎదురుగా చెప్పించండి.

కుట్లు తీయించుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. కరిగిపోయే దారంతో వేస్తారు. రెండు మూడు వారాల్లో చిన్న దారపు ముక్కలు ప్యాడ్ మీద కనబడితే కంగారు పడకండి. శుభ్రమైన టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు కూర్చుంటే నాకు హాయిగా ఉండేది. మొదటి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు కూడా వాపు తగ్గిస్తుంది. నొప్పికి పారాసెటమాల్ వేసుకున్నా పాలివ్వవచ్చు. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. పెరుగుతున్నా, చీము లేదా దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, కుట్లు విడిపోయినట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి. కాన్పు అయిన కొన్ని గంటల్లోనే ఒకపక్క ఉబ్బి, మలద్వారం వైపు భరించలేని ఒత్తిడి వస్తే లోపల రక్తం గడ్డకడుతోందేమో చూడాలి. అది అందరికీ ఉండే నొప్పేలే అని ఎవరైనా కొట్టిపారేస్తే ఒప్పుకోకండి.

రెండో కాన్పు హైదరాబాద్‌లో, మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పులు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందినవారు, ఉన్న చోట జరిగింది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో కరీంనగర్‌లో నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. మీకు దగ్గరలో అలాంటివారు ఉన్నారేమో కనుక్కోండి. 35వ వారం నుంచి వారానికి రెండుసార్లు యోని కింది భాగాన్ని నూనెతో మృదువుగా సాగదీసే మర్దన నేర్పారు. శుభ్రంగా కడుక్కున్న బొటనవేళ్లు కొద్దిగా లోపలికి ఉంచి కిందికీ పక్కలకూ మెల్లగా నొక్కడమే. తొలి కాన్పు వారికి దీనివల్ల కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది. మాయ కిందికి ఉన్నవారు, ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు, ఉమ్మనీరు పోయినవారు చేయకూడదు. అందుకే డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టండి. కాన్పు సమయంలో నన్ను పక్కకు తిరిగి పడుకోనిచ్చారు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కింద ఆనించి పట్టుకున్నారు. తల వస్తున్నప్పుడు కింద నిప్పు అంటుకున్నట్టు మండుతుంది. సరిగ్గా అప్పుడే మిడ్‌వైఫ్ నా చేయి పట్టుకుని, ఇప్పుడు ముక్కవద్దు, నోటితో చిన్నగా ఊదు అంది. ఊదుతూ ఉంటే తల మెల్లగా, చర్మం సాగే కొద్దీ వచ్చింది. మొదటిసారి ఇంకా ముక్కు, ఇంకా ముక్కు అని చుట్టూ నలుగురు అరిచారు. ఆ తేడా నా ఒంటికి తెలుసు.

అయినా చిరిగింది. ఎంత జాగ్రత్తగా ఉన్నా చిరగవచ్చు, తొలి కాన్పులో చాలామందికి ఎంతో కొంత చిరుగుతుంది, అది మీ తప్పూ కాదు, మీ బలహీనతా కాదు. చర్మం మాత్రమే అయితే మొదటి స్థాయి, కండరం దాకా పోతే రెండోది, మలద్వారాన్ని బిగించే కండరానికి తగిలితే మూడోది, పేగు లోపలి పొర కూడా చీలితే నాలుగోది. నాది రెండోది. చెప్పి, మత్తు ఇచ్చి, పట్టిందా అని అడిగి కుట్టారు. నా మటుకు నాకు అది కోత కంటే త్వరగా మానింది, కూర్చోవడం కూడా త్వరగా వచ్చింది. అందరికీ ఇలాగే ఉంటుందని చెప్పలేను.

మా తోడికోడలికి మూడో స్థాయి చీలిక అయింది, తొలి కాన్పు, ఫోర్సెప్స్. బాగానే కుట్టారు. కాని ఆ తర్వాత గ్యాస్ ఆపుకోలేకపోయేది, ఒక్కోసారి బట్టలు పాడయ్యేవి. ఎవరికీ చెప్పలేదు. పెళ్లిళ్లకు రావడం మానేసింది, బస్సు ఎక్కడం మానేసింది, పొగరు పెరిగిందని మేమే అనుకున్నాం. ఒకరోజు నా కుట్ల సంగతి మాట్లాడుతుంటే ఏడ్చేసి చెప్పింది. దీనికి వైద్యం ఉంది. కటి కండరాల వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు, అవసరమైతే మళ్లీ ఆపరేషన్ కూడా ఉంది. సరిగా కుట్టి, తర్వాత జాగ్రత్తగా చూస్తే ఏడాది తిరిగేసరికి ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆమె ఇప్పుడు బాగుంది. మీకు అంత చీలిక అయ్యే అవకాశం తక్కువ, వందలో కొద్దిమందికే అవుతుంది. కాని అయితే మాత్రం సిగ్గుపడి దాచుకోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

భర్తతో కలయిక గురించి మీరు అడగలేదు, అడగడానికి మొహమాటపడి ఉంటారు. పుండు పూర్తిగా మాని, మీకు ఇష్టమైనప్పుడే. పాలిచ్చే రోజుల్లో యోని పొడిగా ఉండి నొప్పి రావడం మామూలే, దానికి జెల్ దొరుకుతుంది. నెలలు గడిచినా నొప్పి ఉంటే కుట్టిన చోట చూపించుకోవాలి. భర్త కోసం అని ఒక కుట్టు బిగించి వేయడం కొన్నిచోట్ల ఉంది. దానికి వైద్యపరమైన కారణం ఏదీ లేదు, అలా ఎవరైనా అంటే వద్దని ఖచ్చితంగా చెప్పండి.

ఇక ఆపరేషన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఈ కుట్ల భయం కూడా అందులో కొంత ఉందని నా అనుమానం. కాని అది పొట్ట మీద, గర్భసంచి మీద పడే కోత, తర్వాతి కాన్పు దాకా వెంట వచ్చే కోత. అవసరమైతే తప్పకుండా చేయించుకోండి. కింది కుట్లు తప్పించుకోవడం కోసం మాత్రం నేను అడగను.

వచ్చేసారి చెకప్‌లో డాక్టర్‌ను ఇవి అడగండి: తొలి కాన్పు వారందరికీ కోత పెడతారా, అవసరమైతేనే పెడతారా? పెట్టే ముందు నాకు చెబుతారా? పక్కకు తిరిగి పడుకోనిస్తారా? అమ్మనో అత్తనో లోపల ఉండనిస్తారా? విసుక్కోకుండా జవాబిచ్చే డాక్టర్ అయితే సగం భయం అక్కడే పోతుంది. విసుక్కుంటే, ఇంకా సమయం ఉంది, వేరే చోటు చూసుకోండి. కాన్పు అయ్యాక డిశ్చార్జి కాగితంలో కోత పెట్టారా, చిరిగిందా, ఏ స్థాయి అన్నది రాయించుకోండి. నా మొదటి కాగితంలో నార్మల్ డెలివరీ అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేవు. రెండో కాన్పుకు హైదరాబాద్ వెళ్లినప్పుడు వాళ్లు మొదట అడిగింది ఆ వివరాలే.