నాలుగూళ్ల బాస్కెట్‌బాల్ లీగ్ పెట్టేముందు ఈస్టర్న్ లీగ్ చరిత్ర చూడండి

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, టెక్కలి జట్లతో శని, ఆదివారాల లీగ్ పెడదామనుకుంటున్నామని, అమెరికాలో ఈస్టర్న్ లీగ్ ఎలా నడిచిందో, ఎందుకు మూతపడిందో చెప్పమని అడిగారు.

అది 1946లో పెన్సిల్వేనియాలో పుట్టింది. విల్క్స్‌బారి, హేజిల్‌టన్ లాంటి బొగ్గుగనుల ఊళ్ల జట్లు. ఆటగాళ్లు వారమంతా ఉద్యోగాలు చేసుకుని శని, ఆదివారాల్లో ఆడేవారు. 1950ల చివర్లో అమెరికా అగ్రశ్రేణి లీగ్ ఎన్‌బీఏలో ఉన్నవి 8 జట్లే. అక్కడ చోటు దొరకని గట్టివాళ్లు ఇటొచ్చేవారు. 1967లో ఎన్‌బీఏకి పోటీగా ఏబీఏ అనే లీగ్ మొదలయ్యాక చాలామందిని అది లాక్కుపోయింది.

నన్నడిగితే అసలు దెబ్బ దూరంతో తగిలింది. 1977లో అలాస్కా నుంచి యాంకరేజ్ జట్టు చేరింది. 1978లో పేరు కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌గా మారింది. కార్లలో తిరిగే లీగ్ నెత్తిన విమానం ఖర్చు పడింది. 1999లో ఎన్‌బీఏ మాజీ ఆటగాడు ఐజయా థామస్ లీగ్ మొత్తాన్ని కొనేశాడు. మరుసటి ఏడు ఎన్‌బీఏ జట్టు పేసర్స్‌కి కోచ్ అయ్యాడు. ఎన్‌బీఏ నిబంధన ప్రకారం ఇక లీగ్ ఆయన చేతిలో ఉండటానికి వీల్లేదు. 2001 ఫిబ్రవరిలో సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ తెరిచినా 2009 దాకానే.

మీ నాలుగూళ్లూ 90 కిలోమీటర్ల నౌపడ–గుణుపురం రైలు లైను మీదే ఉన్నాయి. మొదటి ఏడు బరంపురాన్ని పిలవకండి. ఒక్కో జట్టు మిగతావాటితో రెండేసిసార్లు ఆడితే 12 మ్యాచ్‌లు, వారానికి రెండు చొప్పున ఆరు వారాలు. ఆట వేళ తిరుగు రైలు చూసుకునే పెట్టండి.

కాంటినెంటల్ వాళ్ల పాయింట్ల పద్ధతి మాత్రం తప్పక తీసుకోండి. మ్యాచ్‌కి 7 పాయింట్లు: గెలుపుకి 3, గెలిచిన ప్రతి క్వార్టర్‌కీ (ఆటలో నాలుగో వంతు) 1, క్వార్టర్ సమమైతే చెరో అర. 20 తేడాతో ఓడుతున్న జట్టు కూడా నాలుగో క్వార్టర్ వదలదు, జనమూ లేవరు.

గొడవలన్నీ స్కోరు బల్ల దగ్గరే. హాఫ్‌టైమ్‌కి 38–35, మూడో క్వార్టర్ చివర 51–50 అనుకోండి. ఆ క్వార్టర్ 13–15, అంటే వెనకున్న జట్టే గెలిచింది. రెండో క్వార్టర్‌లో రాయడం మరిచిన బాస్కెట్‌ను మూడోదాంట్లో కలిపితే రెండు క్వార్టర్ల ఫలితమూ తారుమారవచ్చు. అందుకే 1, 3 క్వార్టర్లు ఎర్ర సిరాతో, 2, 4 నీలంతో రాయించండి. ప్రతి క్వార్టర్ చివర ఆఖరి అంకెకి సున్నా చుట్టి, కింద గీత కొట్టి, అక్కడికక్కడే ఇద్దరు కెప్టెన్ల సంతకం తీసుకోండి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా స్కోరు షీటులో రంగులు, గీతలు ఎలాగూ ఉన్నవే, సంతకం ఒక్కటే మనం కలిపేది.

ఇక కోర్టులు. పాత సిమెంటు మీద కొత్త పూత వేసినచోట రింగు ఎత్తు తగ్గిపోతుంది. టేపు పెట్టి చూడండి, 3.05 మీటర్లు రావాలి. త్రీపాయింట్ గీత 2010కి ముందుదైతే 6.25 మీటర్ల దగ్గరే ఉంటుంది. రింగు నడిమికి సరిగ్గా కింద మేకు పెట్టి, 6.75 మీటర్ల తాడుతో కొత్తది గీయండి. మూలల్లో మాత్రం వంపు కాదు, సైడ్‌లైన్‌కి 90 సెంటీమీటర్ల దూరంలో తిన్నటి గీత. పాత గీతను పూర్తిగా చెరిపేయండి, రెండూ కనిపిస్తే రిఫరీకి తిప్పలే.