స్లావ్ జానపద పాత్రలతో చేసిన గేమ్ ఆడాలంటే ముందు ఆ కథలు చదవాలా?

గెంతుతూ, ఎక్కుతూ, మ్యాప్ అంతా వెతుక్కుంటూ వెళ్ళే గేమ్ ఒకటి మొదలుపెట్టానని, అందులో అంతా స్లావ్ ప్రజల (రష్యా, పోలండ్ వంటి తూర్పు ఐరోపా దేశాలవారి) పురాణాలేనని, లేషీ, బాన్నిక్, కొషేయ్ లాంటి పేర్లలో ఒక్కటీ తెలియదని రాశారు. ముందు కథలు చదువుకుని ఆడాలా అన్నది మీ ప్రశ్న.

చదవకుండానే ఆడండి. పేర్లు వాటంతటవే అలవాటవుతాయి. అయితే ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆట రుచే మారిపోతుంది. ఈ నమ్మకాల్లో ప్రతి శక్తికీ ఒక చోటు ఉంది, ఆ చోట మనిషి ఎలా మెలగాలో ఒక పద్ధతి ఉంది. ఇలాంటి గేమ్‌లు చాలా ఏళ్ళుగా ఆడుతున్నాను. శ్రద్ధగా చేసినదేదో, పైపైన రంగు పూసినదేదో నాకు తెలిసేది ఇక్కడే.

స్లావ్ ప్రజల పెద్ద దేవతల గురించి మిగిలింది చాలా తక్కువ. తమ పురాణాన్ని వాళ్ళే రాసిపెట్టుకున్న గ్రంథం లేదు. కీవ్ పాలకుడు వ్లదీమిర్ 980లో కొండ మీద ఉరుముల దేవుడు పెరూన్ మొదలైన దేవతల విగ్రహాలు నిలబెట్టాడు. 988లో క్రైస్తవం తీసుకున్నాక ఆ పెరూన్ విగ్రహాన్నే ద్నీపర్ నదిలో తోయించాడు. ఈ వివరం కూడా తర్వాతి కాలపు క్రైస్తవ సన్యాసుల రాతల వల్లే మనకు తెలిసింది. కానీ ఇంట్లో పొయ్యి వెనక ఉండే దొమొవోయ్‌ని, నీటి మిల్లు మడుగులో ఉండే వొద్యనోయ్‌ని పల్లెజనం వదులుకోలేదు. 19వ శతాబ్దంలో జానపద కథలు సేకరించడానికి వెళ్ళినవాళ్ళకు ఆ నమ్మకాలు సజీవంగానే కనిపించాయి. గేమ్ చేసేవాళ్ళకు దొరికిన అసలు నిధి ఇదే.

అడవి లేషీది. చెట్ల నడుమ చెట్టంత ఎత్తుంటాడు, గడ్డిలో గడ్డిపోచంత అవుతాడు. దారి తప్పించడం అతని పని. తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తుంటే బట్టలు తిరగేసి తొడుక్కోవాలి, చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చుకోవాలి. ఆవిరి స్నానాల గుడిసె బాన్నిక్‌ది. అందరి స్నానాలూ అయ్యాక చివరి వంతు అతనిది కాబట్టి కాసిని నీళ్ళు, సబ్బు వదిలి రావాలి, అర్ధరాత్రి లోపలికి అడుగు పెట్టకూడదు. మిట్టమధ్యాహ్నం పొలంలో పని ఆపకపోతే పొలుద్నిత్స అనే మధ్యాహ్నపు దయ్యం వస్తుంది. ‘ది విచర్ 3’ గేమ్ మొదట్లో ఊరి బావి దగ్గర ఎండవేళ కనిపించే దయ్యం ఈ పొలుద్నిత్స వంశమే.

ఇప్పుడు మీ గేమ్ మ్యాప్ చూడండి. అడవి ఒక భాగం, మడుగు ఒక భాగం, పాడుబడిన ఊరు ఒక భాగం. ఈ భాగాలకు హద్దులు గీసింది గేమ్ చేసినవాళ్ళు కాదు, ఆ శక్తుల ఏలుబడులే. అడవిలో కుడివైపు ఎంత పోయినా అదే తెర మళ్ళీ వస్తుంటే అది లేషీ చేస్తున్న పని. అలాంటి చోట నేను వచ్చిన దారినే వెనక్కి నడిచి చూస్తాను, పైకి ఎక్కమన్నట్టు ఉంటే కిందికి దిగుతాను. చాలాసార్లు అక్కడే దారి తెరుచుకుంది.

ఇక చావులేని మాంత్రికుడు కొషేయ్. ఈ కథ మనకు కొత్త కాదు. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నట్టే, కొషేయ్ చావు ఒక సూది మొనలో ఉంటుంది. సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె ఓక్ చెట్టు మీద. ‘కప్ప రాకుమారి’ కథలో రాకుమారుడు దారిలో ఎలుగుబంటిని, మగబాతును, కుందేలును చంపబోయి, వదిలేస్తాడు; ఒడ్డున ఇసుకలో పడి ఉన్న పైక్ చేప బతిమాలితే దాన్ని సముద్రంలోకి వదులుతాడు. చివరికి ఎలుగుబంటి వచ్చి చెట్టును కూలదోస్తుంది, వదిలేసిన కుందేలు పెట్టెలోని కుందేలును తరిమి పట్టుకుంటుంది, మగబాతు ఎగిరి బాతును కొడుతుంది, సముద్రంలో పడిన గుడ్డును చేప పైకి తెస్తుంది. గోడ పగలగొట్టడం, పరుగు, ఎగరడం, ఈత! 1986లో ‘మెట్రాయిడ్’, 1997లో ‘క్యాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్’ తెచ్చిపెట్టిన ఆటతీరు అంతా ఇదే కదా. మొదట్లో దాటలేని అడ్డంకి చూస్తాం, ఎక్కడో ఒక శక్తి సంపాదిస్తాం, తిరిగి వచ్చి దాటుతాం. ఈ పోలిక మొదటిసారి తట్టినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. ఈ కథలకు ఇంతకన్నా తగిన ఆటతీరు లేదని నా గట్టి నమ్మకం.

అడవిలో ఉండే మంత్రగత్తె బాబా యాగాను మాత్రం చూడగానే కొట్టాల్సిన బాస్ (పెద్ద శత్రువు) అనుకోకండి. చిన్నప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు చదివినవారికి ఆమె గుర్తుండే ఉంటుంది. కోడికాళ్ళ మీద నిలబడే ఆమె గుడిసె చుట్టూ తిరిగి అవతలికి పోవడం కుదరదు. అడవికి వీపు పెట్టి నా వైపు తిరగమని గుడిసెను అడగాలి. లోపల ఆమె పరీక్ష పెడుతుంది, నెగ్గితే కానుక ఇస్తుంది. ‘అందాల వసిలీస’లో నిప్పు కోసం వచ్చిన పిల్లకు కళ్ళు మండే పుర్రెను ఇచ్చి పంపుతుంది. చీకటి గుహల్లో దారి చూపే దీపం గేమ్‌లో ఎవరి దగ్గర దొరకాలో ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పగలరు? 1928లో జానపద కథల పండితుడు వ్లదీమిర్ ప్రోప్ రష్యన్ అద్భుత కథలను 31 ఘట్టాలుగా విడదీసి చూపినప్పుడు, ఇలా పరీక్షించి మాయవస్తువు ఇచ్చే పాత్రకు ప్రత్యేక స్థానం ఇచ్చాడు. యాగాను నరికి ముందుకు పొమ్మనే గేమ్ ఆ స్థానాన్ని చేజేతులా పారేసుకుంటుంది. నాకు అది నిజంగా బాధ కలిగిస్తుంది.

పద్ధతులు తెలిసి ఉండటమే ఆటగా మారితే ఎలా ఉంటుందో చూడాలంటే రష్యాలోని పెర్మ్ నగరానికి చెందిన మొర్తేష్కా స్టూడియో 2021లో విడుదల చేసిన ‘బ్లాక్ బుక్’ ఆడండి. గెంతే ఆట కాదు, కార్డులతో పోరాడే ఆట. అయినా సిఫారసు చేస్తున్నాను. ఊరివాళ్ళు కష్టాలు చెప్పుకుంటే, ఏ శక్తి ఎందుకు అలిగిందో మీరే తేల్చాలి. మీ చేతికింద ఉన్న చొర్త్‌లకు (చిన్న దయ్యాలకు) పని చెప్పకపోతే అవి మిమ్మల్నే పీడిస్తాయి.

ఒక జాగ్రత్త. చాలా గేమ్‌లలో యావ్, నావ్, ప్రావ్ అని మూడు లోకాలు కనిపిస్తాయి. చనిపోయినవారికి సంబంధించిన నావ్ పాతదే. మూడింటినీ కలిపి ఒక వ్యవస్థగా చెప్పింది మాత్రం ‘వేలెస్ గ్రంథం’. అది 20వ శతాబ్దంలో బయటపడింది, నకిలీ రచన అని పండితుల్లో అత్యధికుల నిర్ణయం. ఆటలో ఆనందించండి గానీ ప్రాచీన విశ్వాసమని మరొకరికి చెప్పకండి.

చదవాలనే ఉంటే రష్యన్ జానపద కథలు సేకరించిన అఫనాస్యెవ్ 1855 నుంచి 1863 దాకా ప్రచురించిన సంకలనంలోని రెండు కథలు, పైన చెప్పిన ‘కప్ప రాకుమారి’, ‘అందాల వసిలీస’ చాలు. పాత సోవియట్ తెలుగు పుస్తకాలను అభిమానులు స్కాన్ చేసి నెట్‌లో ఉంచారు, అక్కడ రష్యన్ జానపద కథల కోసం వెతకండి. ఆట మొదట్లోనే కాకుండా, గేమ్‌లో యాగా గుడిసె దాటాక చదవండి. అప్పటికి మీరు ఆ అడవిలో కొంత తిరిగి ఉంటారు.