రేసుకి రమ్మంటున్నారు, వెళ్లాలా అక్కా?

మే నెల రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా మేనేజర్ కారు రేసుకి రమ్మంటున్నాడు. టికెట్లు కూడా తనే తీసేశాడు. వెళ్లాలా, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవాలా?" నేను నార్త్ కరోలినాలో షార్లెట్ పక్కనున్న కాంకర్డ్‌లో ఉండబట్టి పదహారేళ్లయింది. పెరట్లో నిలబడితే షార్లెట్ మోటార్ స్పీడ్‌వే అనే రేసు ట్రాక్ మోత వినిపిస్తుంది. అందుకే బ్యాంకు ఉద్యోగాలకి షార్లెట్ వచ్చిన కొత్తవాళ్లు ఈ సందేహం నన్నే అడుగుతారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి అని చెప్తాను.

మన ఊరి తిరునాళ్లకి నోరారా పిలిస్తే ఎవరైనా రానంటే మన మనసు ఎలా ఉంటుంది? వీళ్లకి నాస్కార్, అంటే ఇక్కడి కారు రేసులు, అలాంటిదే. కాంకర్డ్ మిల్స్ మాల్‌కి వెళ్లాలని ఎగ్జిట్ 49 దగ్గర దిగుతాం కదా, స్పీడ్‌వేకి దారి కూడా అదే. హెండ్రిక్ టీము షాప్ స్పీడ్‌వేకి దగ్గర్లోనే ఉంది. పెన్స్కీ టీము మూర్స్‌విల్‌లో, జో గిబ్స్ టీము హంటర్స్‌విల్‌లో ఉన్నాయి. ఈ రేసుల మీద బతికే కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో. మా పక్కింటాయన ఒక టీములో ఫ్యాబ్రికేటర్, కారు భాగాలు తయారుచేస్తాడు. వచ్చిన కొత్తలో రెండేళ్లపాటు మా మధ్య హలో తప్ప మాట లేదు. రేసు గురించి ఒక ప్రశ్న అడిగాను, ఆ రోజు గంటసేపు గ్యారేజీలో నిలబెట్టి అన్నీ చూపించాడు.

"రౌండ్లు కొట్టడమే కదా అక్కా, అందులో చూసేదేముంది?" అని కూడా అడుగుతారు. టీవీలో ముక్కలు ముక్కలుగా చూస్తే నిజంగా ఏమీ కనిపించదు. మీకు దొరికిన టికెట్ మెమోరియల్ డే (చనిపోయిన సైనికుల స్మారక దినం) వీకెండ్‌లో జరిగే కోకాకోలా 600ది అయితే, నాస్కార్‌లో అన్నిటికన్నా పొడవైన రేసు చూడబోతున్నారు. మైలున్నర ట్రాక్ మీద 400 ల్యాపులు (రౌండ్లు), మొత్తం 600 మైళ్లు. మలుపుల్లో రోడ్డు 24 డిగ్రీలు వాలి ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే కార్లు గోడ మీద పరిగెడుతున్నట్టే ఉంటుంది.

అసలు ఆట ఎక్కడుందంటే, సాయంత్రం ఎండలో మొదలైన రేసు రాత్రి చీకట్లో ముగుస్తుంది. పొద్దు వాలేకొద్దీ తారు చల్లబడుతుంది, టైర్ల పట్టు మారుతుంది. ఎండలో అందరికన్నా ముందున్న కారు రాత్రి ఎనిమిదయ్యేసరికి మాట వినదు. అది తెలియాలంటే అక్కడే అద్దెకిచ్చే స్కానర్ తీసుకోండి. హెడ్‌సెట్ పెట్టుకుంటే డ్రైవర్, జట్టుని నడిపించే క్రూ చీఫ్, పైన స్టేడియం కప్పు మీద నిలబడి ట్రాఫిక్ చెప్పే స్పాటర్, ముగ్గురి మాటలూ మీకు వినిపిస్తాయి. రెండు మాటలు ముందే నేర్చుకోండి. ముందు టైర్లకి పట్టు చాలక, మలుపు తిరగకుండా కారు గోడ వైపు పోతుంటే 'టైట్' అంటారు. వెనక టైర్లు పట్టుతప్పి తోక జారుతుంటే 'లూజ్' అంటారు.

ఒకసారి నేను వింటున్న డ్రైవర్ "టైట్, టైట్" అని ల్యాపు ల్యాపుకీ మొత్తుకుంటున్నాడు. టైర్లు మార్చి పెట్రోలు పోసే చోటుకి, అంటే పిట్‌కి వచ్చాడు. ఐదుగురు గోడ దూకారు. ఒకరు జాక్, ఇద్దరు టైర్లు విప్పేవాళ్లు, ఒకరు టైర్లు అందించేవాళ్లు, ఒకరు పెట్రోలు పోసేవాళ్లు. ఇంతకుముందు చక్రానికి ఐదు నట్లుండేవి, 2022లో కొత్త కారు వచ్చాక ఒక్కటే. నాలుగు టైర్లూ మార్చేసరికి పది సెకన్లు. అంతలోనే ఒకతను వెనక అద్దంలోంచి పొడవాటి రెంచి దూర్చి స్ప్రింగ్ మీద ఒక తిప్పు తిప్పాడు. మూడు ల్యాపులు గడిచాక ఆ డ్రైవర్ గొంతే మారిపోయింది. తర్వాత ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయాడు. ఆ రోజుతో నాకు ఈ ఆట అర్థమైంది.

ఇక చెవుల సంగతి. ఇది మాత్రం ఖచ్చితంగా గుర్తుపెట్టుకోండి. మొదటిసారి వెళ్లినప్పుడు మా పాపకి నాలుగేళ్లు. చెవులకి ఏమీ తీసుకెళ్లలేదు. రేసు మొదలుపెట్టే గ్రీన్ ఫ్లాగ్ ఊపగానే దాదాపు నలభై కార్లు ఒక్కసారిగా దూసుకొచ్చాయి. పిల్ల భయంతో వణికిపోయి నా ఒళ్లో ముఖం దాచుకుంది. నాకు ఏం చేయాలో తోచలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, బ్యాగులోంచి తన మనవడి ఇయర్‌మఫ్స్ తీసి తనే మా పాప చెవులకి పెట్టింది. నా చేతిలో ఒక జత ఇయర్‌ప్లగ్స్ పెట్టి, "ఫస్ట్ రేసా?" అని నవ్వింది. చంటిపిల్లల్ని అసలు తీసుకెళ్లకపోవడమే మంచిది. పెద్దపిల్లలకి ఇయర్‌మఫ్స్ లేకుండా గేటు దాటించవద్దు.

సీట్లు మీరే కొనుక్కునేటట్టయితే పై వరసల్లో తీసుకోండి. కింద వరసల్లో కార్లు గీతల్లా పోతాయి, అవతలి వైపు ఏం జరుగుతోందో కనబడదు, అరిగిన టైర్ల రబ్బరు తునకలు ఎగిరి మీద పడతాయి. వాన పడితే ఇలాంటి ట్రాక్‌ల మీద రేసు ఆపేస్తారు, ట్రాక్ ఆరబెట్టాకే మళ్లీ మొదలు. ఓపిక ఉంచుకోండి.

మనవాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. బయటి తిండి లోపలికి రానిస్తారు. మెత్తటి కూలర్ బ్యాగు, అన్ని వైపులా 14 అంగుళాలు దాటకూడదు, గాజు సీసాలు వద్దు. వెళ్లేముందు ఆ రేసు నిబంధనలు ఒకసారి చూసుకోండి. మేం ప్రతిసారీ పులిహోర, దద్దోజనం కట్టుకెళ్తాం. పక్క సీట్ల వాళ్లకి పెట్టకుండా ఎప్పుడూ తినలేదు.

బీరు మాత్రం చుట్టూ ఏరులై పారుతుంది. తాగితే స్టీరింగ్ ముట్టుకోవద్దు. వీసా మీద ఉన్నవాళ్లకి డీయూఐ (తాగి నడిపిన) కేసు ఒక్క రాత్రితో పోయే తలనొప్పి కాదు, అరెస్టు అయితే చాలు వీసా రద్దు చేసే అవకాశం ఉంది. ఇంటికి తిరిగెళ్లేటప్పుడు ట్రాఫిక్ గంట పైనే ఆగిపోతుంది. తొందరపడకుండా సీట్లోనే కాసేపు కూర్చోండి.

రేసుకి ముందు ప్రార్థన, జాతీయ గీతం ఉంటాయి. లేచి నిలబడండి, టోపీ తీయండి. మెమోరియల్ డే రేసులో ప్రతి కారు అద్దం పైన యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి పేరుంటుంది. మధ్యలో రేసు ఆపి మౌనం పాటిస్తారు. అంత మోత తర్వాత వచ్చే ఆ నిశ్శబ్దంలో నాకు ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.

"మనల్ని ఎలా చూస్తారో" అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది, నోరు విప్పి అడగరు. దాచకుండా చెప్తాను. ఈ ఆట పుట్టుక నాటుసారాతో ముడిపడి ఉంది. ఎక్సైజ్ వాళ్లకి చిక్కకుండా కొండదారుల్లో సారా మోసిన కార్లే ఆదివారాలు మట్టి ట్రాక్‌ల మీద పందేలు వేసుకునేవి. 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగిన మొట్టమొదటి పెద్ద రేసులో ముందొచ్చిన కారుని పక్కన పెట్టేశారు, సారా కార్లకి చేసినట్టు వెనక స్ప్రింగులు మార్చారని. తెల్లవాళ్ల ఆటగానే చాలాకాలం నడిచింది. 1963 డిసెంబర్ 1న జాక్సన్‌విల్‌లో వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ గెలిస్తే, విజేత ఇంకొకరని ప్రకటించారు. గంటల తర్వాత తప్పు ఒప్పుకున్నారు. ట్రోఫీ మాత్రం 2021లో, ఆయన పోయిన ముప్పై ఏళ్లకి, కుటుంబానికి ఇచ్చారు. అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది వాళ్ల కాన్ఫెడరేట్ జెండాలు నిషేధించింది 2020లోనే. ఇవన్నీ తెలుసుకునే వెళ్లాలి. మనవాడైన కోయంబత్తూరు డ్రైవర్ నరైన్ కార్తికేయన్ 2010లో ఇక్కడి ట్రక్ సిరీస్‌లో నడిపినప్పుడు, ఆ ఏడాది అందరికన్నా అభిమానం పొందిన డ్రైవర్‌గా ఓట్లు పడ్డాయని కూడా తెలుసుకోవాలి. ఇన్నేళ్లలో ఆ గ్యాలరీలో నాకు ఎవరూ ముఖం చాటెయ్యలేదు.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఒక రేసు డ్రైవర్ పేరు చెప్తాను, అలన్ కుల్విక్కీ. విస్కాన్సిన్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఉన్నదంతా అమ్ముకుని షార్లెట్ చేరాడు. ఇక్కడివాళ్లకి అతను పరాయివాడు, సొంతంగా చిన్న టీము పెట్టుకున్నాడు, పెద్ద టీములు పిలిచినా వెళ్లలేదు. 1992 నవంబర్‌లో అట్లాంటాలో ఆ ఏడాది ఆఖరి రేసు. ఎవరు ఎక్కువ ల్యాపుల్లో ముందుంటే వాళ్లకి ఐదు పాయింట్ల బోనస్. అతని జట్టు కూర్చుని లెక్క కట్టింది. బోనస్ ఖాయం అయ్యేదాకా పిట్‌కి రాకుండా ట్రాక్ మీదే ఉన్నాడు. అతనితో పోటీలో ఉన్న బిల్ ఇలియట్ 102 ల్యాపుల్లో ముందున్నాడు, ఇతను 103 ల్యాపుల్లో. రేసు ఇలియట్ గెలిచాడు, ఛాంపియన్‌షిప్ మాత్రం పది పాయింట్ల తేడాతో కుల్విక్కీది. ఐదు నెలలు తిరక్కుండానే, 1993 ఏప్రిల్ 1న విమాన ప్రమాదంలో పోయాడు. యూఎన్‌సీ షార్లెట్‌లో మోటార్‌స్పోర్ట్స్ ల్యాబ్‌కి అతని పేరే పెట్టారు. ఆ రోజు నా ఒళ్లో వణికిన పాప ఇప్పుడు ఆ యూనివర్సిటీలోనే మెకానికల్ చదువుతోంది.

ఈ టీముల్లో ఉద్యోగం కోసం చూసే పిల్లలు మొదట్లోనే కనుక్కోవాల్సింది, ఆ సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని తనిఖీ చేసే ప్రభుత్వ వ్యవస్థ) ఉందా లేదా అని. అది లేకపోతే స్టెమ్ ఓపీటీ పొడిగింపు, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతికి పొడిగింపు, రాదు. ఆఫర్ చేతికొచ్చాక అడిగి బాధపడినవాళ్లని చూశాను.

ఈ ఏడాది రేసుకి వెళ్లేవాళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లు కొత్త ఇయర్‌మఫ్స్ కొననక్కర్లేదు. మా ఇంట్లో రెండు జతలున్నాయి. శనివారం పొద్దున్నే వచ్చి తీసుకెళ్లండి, ఎలాగూ పులిహోర కలుపుతూ ఇంట్లోనే ఉంటాను.