కోర్సు పూర్తికావడం వేరు, పాఠం రావడం వేరు

ఆన్‌లైన్ కోర్సులను ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలోనే వదిలేస్తున్నాననీ, ఏఐ ట్యూటర్ తోడుంటే ఈసారైనా పూర్తిచేయగలనా అనీ మీరు అడిగారు. పూర్తిచేయగలరు. అయితే పూర్తిచేసినవారందరికీ ఆ విషయం వచ్చి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. ఒక ఆన్‌లైన్ గణాంకశాస్త్ర కోర్సులో విద్యార్థుల సందేహాలు తీర్చే సహాయకుడిగా చాలాకాలం పనిచేశాను కాబట్టి ఈ మాట కొంత ధీమాగానే అంటున్నాను.

మధ్యలో ఆపేయడం గురించి ముందుగా ఒక మాట. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున సెబాస్టియన్ త్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై ఉచిత కోర్సు పెడితే సుమారు 1,60,000 మంది చేరారు, చివరిదాకా నిలిచినవారు అందులో చిన్న భాగమే. మరుసటి ఏడాది కోర్సెరా, ఎడెక్స్ వంటి ఆన్‌లైన్ కోర్సుల వేదికలు పుట్టుకొచ్చాయి. ఎడెక్స్‌లో హార్వర్డ్, ఎంఐటీ నడిపిన కోర్సులను విశ్లేషిస్తే, 2017-18లో చేరినవారిలో పూర్తిచేసినవారు 3 శాతానికి కాస్త పైన మాత్రమే ఉన్నారు. డబ్బు కట్టి చేరినవారిలో ఆ శాతం చాలా ఎక్కువ. ఒక్క క్లిక్‌తో ఉచితంగా చేరగలిగే చోట చాలామంది తొంగిచూసి పోవడానికే వస్తారు కాబట్టి, ఇందులో సిగ్గుపడవలసిందేమీ నాకు కనిపించదు.

నన్ను కలవరపెట్టింది పూర్తిచేసినవారి సంగతి. మా కోర్సులో ఒక వారం పాఠం బేయీస్ సిద్ధాంతం, అంటే కొత్త ఆధారం దొరికినప్పుడు ఒక విషయం నిజమయ్యే అవకాశాన్ని మళ్లీ లెక్కగట్టే సూత్రం. లైవ్ సెషన్‌కు వచ్చినవారిలో దాదాపు అందరి పేర్ల పక్కనా, వీడియోలన్నీ చూసినట్టుగా ఆకుపచ్చ టిక్కు ఉంది. అన్నీ మూసేసి, తెల్లకాగితం మాత్రమే దగ్గర పెట్టుకోమని చెప్పి ఒక లెక్క ఇచ్చాను. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంది. జబ్బున్నవారిలో 90 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది. జబ్బు లేనివారిలో 9 శాతం మందికి కూడా పొరపాటున ఉందని చూపిస్తుంది. పరీక్షలో ఉందని వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? అంతవరకు గలగలలాడిన చాట్ ఒక్కసారిగా మూగబోయింది. కాసేపటికి 90, 90, 90 అంటూ జవాబులు వరుసకట్టాయి. ఒకాయన సూత్రాన్ని పొల్లుపోకుండా రాసి, దానిలో ఏ అంకె ఎక్కడ వేయాలో తెలియడం లేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. చాలామంది మాత్రం "వీడియో చూస్తున్నప్పుడు బాగా అర్థమైందండీ" అన్నారు, అది అబద్ధం కూడా కాదు.

అప్పుడు, అంతకుముందు పెద్దగా మాట్లాడని ఒకావిడ మైకు తెరిచి, "వెయ్యి మందిని అనుకుందామండీ" అని మొదలుపెట్టారు. జబ్బున్నవారు 10 మంది, వారిలో 9 మంది పరీక్షలో దొరుకుతారు. జబ్బు లేని 990 మందిలో పొరపాటున దొరికేవారు సుమారు 89 మంది. అంటే ఉందని తేలిన 98 మందిలో నిజమైన రోగులు 9 మందే, కనుక జవాబు 9 శాతం చిల్లర. ఆమె ఖాతా చూస్తే ఆ వారం వీడియోల్లో సగం కూడా కాలేదు. కారణం అడిగితే, ఉపాధ్యాయుడు లెక్క ఇచ్చిన ప్రతిచోటా వీడియో ఆపి, తానుగా చేసి తేల్చుకున్నాకే ముందుకు వెళుతున్నానని చెప్పారు. మా వేదిక మాత్రం, మీరు వెనకబడుతున్నారంటూ ఆమెకు మెయిళ్లు పంపుతూనే ఉంది!

ఆమె చేస్తున్న పనికి శాస్త్రబలం ఉంది. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీమళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో, చదవడం తగ్గించి చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవారు వారిని స్పష్టంగా దాటిపోయారు. చదివినప్పుడు కలిగే 'వచ్చేసింది' అన్న భావన ఎంత మోసకారిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. 1950లలో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ తయారుచేసిన బోధనయంత్రం కూడా విద్యార్థి తన జవాబు తానే రాయాలని పట్టుబట్టేది, సరైన జవాబును ఆ తరువాతే చూపేది. ఇంత సాంకేతికత పెరిగాక మనకు మిగిలింది నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే క్విజ్, తప్పయితే ఎన్నిసార్లయినా మళ్లీ నొక్కే సౌకర్యం. వీడియోను రెట్టింపు వేగంతో పరిగెత్తించే మీట, వరుసగా ఎన్ని రోజులు వచ్చామో లెక్కపెట్టి అభినందించే నోటిఫికేషన్ అదనం. ఇవన్నీ హాజరును కొలిచేవే.

ఇక ఏఐ సంగతి. తుర్కియేలోని ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వెయ్యి మంది విద్యార్థులపై గణితంలో జరిగిన ప్రయోగం నాకు కళ్లు తెరిపించింది. జీపీటీ-4 అనే ఏఐ చాట్‌బాట్ సాయంతో అభ్యాసం చేసినవారి మార్కులు ఆ అభ్యాసంలో 48 శాతం మెరుగుపడ్డాయి. ఆ సాయం తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏఐని ముట్టనివారికంటే వీరికి 17 శాతం తక్కువ వచ్చాయి. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన ట్యూటర్‌ను వాడినవారికి ఆ నష్టం చాలావరకు తప్పింది కానీ, పరీక్షలో చెప్పుకోదగ్గ లాభమూ కనిపించలేదు. మా సెషన్‌లో 90 అని రాసినవారి చేతిలో చాట్‌బాట్ ఉండి ఉంటే అందరూ సరైన జవాబే రాసేవారు, వారికి పాఠం రాలేదన్న సంగతి నాకు తెలిసేదే కాదు.

కాబట్టి ఏఐ ట్యూటర్‌ను పెట్టుకోదలిస్తే, ముందు మీ ప్రయత్నాన్ని కాగితం మీద పూర్తిగా రాసి, అందులో తప్పు ఎక్కడుందో మాత్రమే అడగండి. జవాబు చెప్పవద్దని మొదటే షరతు పెట్టండి. కోర్సును ఎంచుకునేటప్పుడు ఉపాధ్యాయుడి పేరుకంటే అసైన్‌మెంట్లను ముందు పరిశీలించండి: వాటికి గడువు ఉందా, మీరు రాసినదాన్ని ఎవరైనా చదువుతారా అన్నవి చూసుకోండి. మీకు కావలసిన భాగం మధ్యలోనే వచ్చేస్తే, సర్టిఫికెట్ అవసరం ఉంటే తప్ప అక్కడితో ఆపేయడానికి సంకోచించనక్కరలేదు.