ఎముక కణాల మీద మనసుపడ్డ అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతోంది. విటమిన్ సి వేసి ల్యాబ్‌లో ఎముక కణాలు పెంచుతారట, నేనూ అదే చేస్తానంటోంది. బీఈడీ చేస్తే నయమని నా ఉద్దేశం. మీరేమంటారు?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ అమ్మాయిది గాలిమాట కాదండీ. ఎముక అనగానే మనకు కాల్షియమే గుర్తొస్తుంది. కానీ కాల్షియం వచ్చి పట్టుకోవాలంటే ముందు కొల్లాజెన్ అల్లిక ఉండాలి. మూడు పోగులు పేనిన తాడులాంటి ఆ ప్రోటీన్ గట్టిగా నిలవాలంటే విటమిన్ సి ఉండి తీరాలి. అది అందకపోతే వచ్చే జబ్బే స్కర్వీ. ల్యాబ్‌లో తరచూ వాడే చిట్టెలుక ఒంట్లో విటమిన్ సి లివర్‌లోనే తయారవుతుంది. దాని పుర్రె ఎముక నుంచి తీసిన కణాలను గిన్నెలో పెంచేటప్పుడు మాత్రం మనమే వేయాలి. మామూలుగా వాడేది మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. దానికి తోడు ఫాస్ఫేట్ కోసం బీటా గ్లిసరోఫాస్ఫేట్ కూడా కలుపుతారు. మూడు వారాలకు అలిజరిన్ రెడ్ రంగు పోస్తే, కాల్షియం పేరుకున్న చోటల్లా గోరింటాకు పండినట్టు ఎర్రబడుతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడు సగం గిన్నెల్లో విటమిన్ సి వేసి, సగంలో వేయకుండా 21 రోజులు కాపలా కాశాడు. ఆదివారాలు కూడా వెళ్లి మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, మార్చాడు. తీరా రంగు పోస్తే అన్నీ ఎర్రగానే పండాయి! తల పట్టుకుని సీసా మీది వివరాలు చదివితే సంగతి బయటపడింది. అతను వాడిన ఆల్ఫా ఎంఈఎం అనే మీడియంలో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, ముందే కలిపి ఉంది. అది లేని రకం విడిగా దొరుకుతుంది, అది తెప్పించి మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాడు. ఈ కథ మీ అమ్మాయికి చెప్పండి. విని నీరుగారిపోతుందా, ‘అయితే రెండోసారి ఏమైంది?’ అని అడుగుతుందా చూడండి. నాకైతే మార్కుల కంటే అదే ముఖ్యం.

ఇక దారి సంగతి. ‘ఎముక కణాల కోర్సు’ అంటూ విడిగా ఏదీ ఉండదు. మంచి చోట ఎమ్మెస్సీ చేయాలి. అందుకు ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు, గాట్-బీ, సీయూఈటీ పీజీ, ఈ మూడు ప్రవేశ పరీక్షలూ రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం వస్తాయి. అంటే పీహెచ్‌డీకి మీరు చేతి డబ్బు పెట్టక్కర్లేదు. కానీ అయిదారేళ్లు పడుతుంది, పెళ్లి మాటలు ఆ మధ్యలోనే వస్తాయి. ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకుంటే మంచిది. ఎముకల మీద పరిశోధన లక్నోలోని ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్ఐలో ఉంది. ఎముకకు బదులు అమర్చే పదార్థాల మీద తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో పనిచేస్తారు.

అచ్చంగా ఎముకల మీదే ఉద్యోగాలు తక్కువ, దాచడం దేనికి? అయితే కణాలను చెడిపోకుండా పెంచే చేయి ఉంటే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాలు, బయలాజికల్ మందులు చేసే కంపెనీలకూ పనికొస్తుంది. మొదట్లో జీతం గొప్పగా ఏమీ ఉండదు. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు. బయోటెక్నాలజీ వాళ్లకు ఏ మెథడాలజీలో అర్హత ఉందో మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

అన్నట్టు, సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త 1930లలో హంగరీలోని సెగెడ్‌లో విటమిన్ సిని పెద్దమొత్తంలో తీసింది మిరపకాయల నుంచే. మన ఘాటు మిర్చి కాదు, అక్కడి పాప్రికా. 1937లో నోబెల్ కూడా వచ్చింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో చదివే పిల్ల కదా, చెబితే సంతోషిస్తుంది.

ఇప్పటికి ఒక్క పని చేయించండి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. బీఎస్సీ రెండో ఏడాది వాళ్లూ అర్హులే. రెండు నెలలు ల్యాబ్‌లో ఉండి వచ్చాక, బీఈడీ మాట అప్పుడు మళ్లీ ఎత్తండి.